తూర్పు కొండల్లో ఉప్పు డబ్బా

2 నవంబరు 2007, శుక్రవారం

నేను చేసిన తూర్పు కొండలను ఆ కంప్యూటర్ ఆటలో ఉంచుతారో తీసేస్తారో ఈ నెలాఖరుకు తేలిపోతుంది. ఆట సంగతులు బయట చెప్పనని ఉద్యోగంలో చేరేటప్పుడు సంతకం పెట్టాను. ఆఫీసు లోపల మనసు విప్పి చెప్పుకునేంత చనువు ఇంకా ఎవరితోనూ లేదు. చెప్పకుండా దాచుకుంటే పని సాగడం లేదు. అందుకే రాస్తున్నాను.

నిన్న కన్నడ రాజ్యోత్సవం సెలవు. ఈ ఉదయం వెళ్ళేసరికి మా మేనేజర్ అమర్‌నాథ్ సార్ ఒక మెయిల్ ప్రింటు తీసి నా కీబోర్డు మీద పెట్టి ఉన్నారు. క్లయింటు కంపెనీలో డిజైన్ అంతా చూసుకునే హెలెన్ రాసింది. తూర్పు కొండల్లో ఆడేవాళ్ళు ఎక్కడా ఆగడం లేదట. వంతెన దగ్గర గుర్రం ఎక్కితే కోట వచ్చేదాకా దిగడం లేదట. నెల చివరికి కూడా ఇలాగే ఉంటే కొండలు తీసేసి వంతెనను నేరుగా కోటకు కలిపేస్తారట.

ఆమె మీద కోపం లేదు. ఆ లోకంలో మంత్రగాళ్ళ నగరం ఉంది, డ్రాగన్లు ఉన్న మంచు ఎడారి ఉంది. అవన్నీ వాళ్ళ దేశంలోనే చేసుకున్నారు. మధ్యలో మిగిలిన ముక్కను బెంగళూరులో మా కోరమంగల ఆఫీసుకు ఇచ్చారు. దాన్ని నింపే పని నాకు ఇచ్చారు. దానితో వచ్చిన సూచన ఒకటే: ఖాళీగా కనిపించకూడదు. నేను గుహలు పెట్టాను, తోడేళ్ళను పెట్టాను, బంగారు కాసుల పెట్టెలు పెట్టాను. ఖాళీగా కనిపించడం లేదు. కానీ ఎవరూ ఆగడం లేదు.

తీసేసినా నాకేం బాధ లేదు. ఇంకో పని ఇస్తారు.

ఇంటర్వ్యూలో నేను గీసిన మ్యాపు చూపిస్తూ నా ఇంగ్లీషు తడబడితే అమర్‌నాథ్ సార్ తెలుగులోకి మారి, "నీ మ్యాపు మాట్లాడతా ఉండాది, నువ్వు సుమ్మనే, ఊరికే కూర్చో" అన్నారు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా వచ్చిందంతా నాకు ఎక్కువే. ఇది మర్చిపోకూడదు.


5 నవంబరు

ఆట ఆడి తప్పులు పట్టే పగటి షిఫ్టు టెస్టర్ నరేశ్ పక్కన కూర్చుని అతను ఆడటం చూశాను. అత్తిబెలె నుంచి వస్తాడు, ముక్కుసూటి మనిషి. గుహ పక్కనుంచే గుర్రం పోనిస్తున్నాడు.

"లోపలికి పోవా?" అన్నాను.

"ఏముండాదక్కా లోపల? తోడేలుంటాది. దాన్ని కొడితే పెట్టె. పెట్టెలో కాసులు. నా దగ్గర ఉండే కాసులే మోయలేక సస్తాండా."

"వేరేది పెడితే పోతావా?"

"వేరేది అంటే?"

నేను తెర మీద తర్వాతి గుహ చూపించాను; దాని పక్కనుంచీ గుర్రం పోనిచ్చాడు.

"నాకు తెలిసిపోతాదక్కా," అన్నాడు నరేశ్. "ఎవరో నాకోసం పెట్టింటే ఒక రకంగా ఉంటాది. జాగా ఖాళీగా ఉండాది కాబట్టి పెట్టింటే ఇంకో రకంగా ఉంటాది."


6 నవంబరు

ఎవరో నాకోసం పెట్టింటే.


7 నవంబరు

కోట గురించి క్లయింటు ఇచ్చిన వివరాలు మళ్ళీ చదివాను. కట్టించిన రాజు పేరు, అతని ముగ్గురు రాణుల పేర్లు, గుర్రం పేరు కూడా ఉన్నాయి. కట్టినవాళ్ళ మాటే లేదు. అంత కోట కట్టడానికి కొన్నేళ్ళయినా పట్టి ఉంటుంది. అన్నేళ్ళు వాళ్ళు ఎక్కడో పడుకుని ఉంటారు కదా. కొండల్లోనే.

కాబట్టి తూర్పు కొండల్లో కట్టుబడివాళ్ళ గుడిసెలు పెడుతున్నాను. పని అయిపోయి వెళ్ళిపోయారు. ప్రతి గుడిసెలో వాసానికి, ఎలుకలకు అందకుండా, ఒక డబ్బా వేలాడుతుంది. అందులో ఉప్పు, నిప్పు రాయి, కాస్త పిండి. తర్వాత వచ్చేవాళ్ళ కోసం. డబ్బా ఎక్కడుందో చెప్పడానికి గోడ మీద కిందుగా, సున్నంలో ముంచిన మూడు వేళ్ళ గుర్తు.

ఇది కొత్తగా ఆలోచించిందేమీ కాదు. కట్టడాల పని చేసే అమ్మానాన్నలు సైటు మారినప్పుడల్లా రేకుల షెడ్డులోనో, సగం లేచిన గోడల మధ్యనో దిగేవాళ్ళం. దిగగానే పెద్దక్కకూ నాకూ ఒకటే పని, ముందున్నవాళ్ళు పెట్టిపోయిన డబ్బా వెతకడం. గుర్తు ఎప్పుడూ బాగా కిందికి ఉండేది. ఎందుకో తెలియదు. నాకు తొమ్మిదేళ్ళు వచ్చి చింతామణి ఊళ్ళో బడి హాస్టల్లో చేరేదాకా ఎన్ని సైట్లు మారామో గుర్తులేదు గాని, డబ్బాలు మాత్రం గుర్తున్నాయి. ఇనుప చువ్వల వెనక, నీళ్ళ తొట్టి పైన, తలుపు లేని గూట్లో. దొరికితే పెద్దక్క నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పేది.

అమర్‌నాథ్ సార్ చూసి, "ఇది యాడ పట్టినావు?" అన్నారు.

ఏదో పుస్తకంలో చదివానని చెప్పాను. వివరంగా చెప్పడానికి టైము లేకపోయింది.


9 నవంబరు

దీపావళి. ఇక్కడ నేనుంటున్న లేడీస్ హాస్టల్లో అమ్మాయిలంతా ఊళ్ళకు పోయారు. అమ్మకు ఫోన్ చేశాను. నాన్న ఫోన్ లాక్కుని, ఎయిర్‌పోర్టు పని చివరికి వచ్చిందని, విమానాలు ఇంకా రాలేదు గాని కుక్కలు మాత్రం అప్పుడే వచ్చేశాయని చెప్పాడు.


12 నవంబరు

గుడిసెలు టెస్టింగుకు వెళ్ళాయి. టెస్టర్లు రెండు షిఫ్టులు. నరేశ్ పగలు ఎక్కడ ఆపితే అక్కడి నుంచే సాయంత్రం వరూధిని ఆడుతుంది. ఇద్దరిదీ ఒకే సేవ్ ఫైల్.

నరేశ్‌కు సున్నపు గుర్తు కనిపించనే లేదు. అతను నిలబడి చూస్తాడు. వరూధిని ఆటలో తోడేలుకు భయపడి గుడిసెలో గోడ పక్కన చతికిలబడింది. అప్పుడు కనిపించింది. ఆమె కేక మా వరుస దాకా వినిపించింది: "ఏయ్! ఈడ ఏదో ఉండాది!"

ఆ కేకను దాచుకోవాలి. నాలుగు నెలల్లో నా కొండల్లో ఎవరైనా కేక వేయడం ఇదే మొదలు.


13 నవంబరు

పొద్దున టెస్టర్లు తప్పులు రాసే బగ్ లిస్టు నిండా నా డబ్బాలే. డబ్బా ఖాళీ. డబ్బా ఖాళీ. రెండోసారి తెరిస్తే డబ్బా ఖాళీ. నరేశ్ చివర్లో రాశాడు: "గుడిసెలు పాడైపోయాయి, సరిచేయగలరు."

అమర్‌నాథ్ సార్ పిలిచారు.

"ఏమమ్మా, తీసుకున్నాక డబ్బా ఎందుకు నిండడం లేదు?"

"తీసుకున్నవాళ్ళు పోయేటప్పుడు ఏదైనా పెడతారు కదా సార్. పెట్టే వీలు ఉంది."

"పెట్టాలని యాడ రాసినావు?"

"ఎక్కడా రాయలేదు సార్."

"మరి వాళ్ళకెట్ల తెలుస్తాది?"

చెప్పాల్సిన సంగతి అని నాకు తోచనే లేదు. ఎవరైనా పెట్టకుండా పోతారని నేను అనుకోనే లేదు.

సార్ నవ్వలేదు. అందుకు ఆయనకు రుణపడి ఉంటాను. "మూడు రోజులకోసారి దానంతట అదే నిండేట్టు చేసేయ్. బగ్ పోతాది," అన్నారు.

చేశాను. బగ్ పోయింది.


14 నవంబరు

నరేశ్ డబ్బాలన్నీ వరసగా దులుపుకుని పోతున్నాడు. ఆగడం లేదు.


15 నవంబరు

నాకేం బాధ లేదు.


18 నవంబరు, ఆదివారం

దేవనహళ్ళి వెళ్ళాను. ఎయిర్‌పోర్టు పనివాళ్ళ షెడ్లలో అమ్మావాళ్ళది చివరిది. అమ్మ నా చెయ్యి పట్టుకుని పక్క షెడ్ల ముందు అటూ ఇటూ రెండుసార్లు నడిపించింది. పనేమీ లేదు. "మా భారతి. కంప్యూటర్‌లో కొండలు కడతాది," అని ఒకామెకు చెప్పింది. అంతవరకు చెప్పుకోవచ్చని నేనే అన్నాను. ఆమె, "కొండలు కూడా కట్టల్నా?" అని అడిగింది. అమ్మకు కోపం వచ్చింది.

అమ్మ ముద్ద కలుపుతుంటే అడిగాను.

"అమ్మా, ఉప్పు డబ్బా ఎప్పుడైనా ఖాళీగా ఉండేదా?"

"యా డబ్బా?"

"సైటు మారినప్పుడు నేనూ పెద్దక్కా వెతికేవాళ్ళమే, అది."

"ఓ, అదా. శానాతూర్లు ఖాళీనే."

"లేదే. మాకు ఎప్పుడూ దొరికేది."

అమ్మ నవ్వడం మొదలుపెట్టింది. "దొరక్క యాడికి పోతాది? మీ నాయన సామాను దించుతాంటే నేను ముందే పోయి పెట్టేస్తాంటి గదా. ఆమీటే మిమ్మల్ని తోలేది, పోయి ఎతుక్కోండే అని."

గోడ మీది గుర్తు సంగతీ అడిగాను.

"సున్నం గుర్తు?"

"అదీ నేనే. మీకు కనపడే ఎత్తున పెట్టల్ల గదా. నా ఎత్తున పెడితే మీకేం కనపడతాది?"

నాన్న పక్కనుంచి అందుకున్నాడు. "ఓహో. ఇల్లు మారిన ప్రతితూరీ ఉప్పు మర్సిపోయినావని నా మీద అరుస్తాంటివే, ఆ ఉప్పేనా ఇది?"

"అరవకుంటే నువ్వు పోయి తెస్తావా?" అంది అమ్మ. "డబ్బాకీ ఉప్పు, కూరకీ ఉప్పు."

"ఎందుకమ్మా అంత పని?" అన్నాను.

"ఎందుకేమి? కొత్త తావు. గాలికి రేకులు కొట్టుకుంటాంటాయి. మీరు ఏడుస్తాంటిరి. డబ్బా దొరికినాక ఏడుపు ఉండదు. మన ఇల్లే అన్నట్టు ఆడుకుంటాంటిరి."

"అయితే అన్నీ నువ్వేనా? ఎవరూ ఏమీ పెట్టలేదా?"

అమ్మ నా కంచంలో ఇంకో ముద్ద పెట్టింది. "అట్లనొద్దు. పెట్టినోళ్ళు ఉండారు. బొమ్మసంద్రలో ఫ్యాక్టరీ పనికి పోయినప్పుడు నువ్వు సంకలో బిడ్డవి. ఒకటే వాన. అంతా తడిసిపోయింది, అగ్గిపెట్టెతో సహా. సూస్తే వాసానికి డబ్బా యాలాడతాంది. ఉప్పు, అగ్గిపెట్టె, ఇంత రాగిపిండి. ఎవురో ఏమో. పేరు తెల్దు, మొగం తెల్దు. అది తినే గదా ఆ పొద్దు నీకు పాలిచ్చింది. ఆ పొద్దునించే నేనూ పెడతాండా."

మళ్ళీ, "ఇప్పుడు ఆ డబ్బాల మాట ఎందుకొచ్చిందే?" అంది.

"ఊరికే," అన్నాను.

వచ్చేటప్పుడు బస్సులో దిగాల్సిన స్టాపు దాటిపోయాను. ఆ దారి అలవాటు లేదు కదా.


19 నవంబరు

టెస్టర్లు రాకముందే ఆఫీసుకు వెళ్ళాను. డబ్బాలు వాటంతట అవే నిండే ఏర్పాటు తీసేశాను. తర్వాత వాళ్ళ సేవ్ ఫైల్ తెరిచి, వరూధిని ఆపిన చోటికి ముందున్న గుడిసెలో డబ్బా నింపాను. రొట్టె, ఎర్ర ఊలు కంబళి. అవి గుడిసెల్లో దొరికే వస్తువులు కావు. ఎవరైనా కావాలని పెడితేనే ఉంటాయి.

సేవ్ చేసి నా సీట్లో కూర్చుని ఏమీ ఎరగనట్టు టీ తాగాను. అమ్మ ఇలాగే కూర్చునేదేమో.


20 నవంబరు

ఈ రోజు మధ్యాహ్నం నరేశ్ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"అక్కా, వరూధిని నాకు కంబళి పెట్టిపోయింది."

"ఏ కంబళి?"

"ఆటలో అక్కా. డబ్బాలో. ముందు తావు మంచు కదా, నాకు సలేస్తాదని పెట్టినట్టుండాది. నేనేమో ఆయమ్మి వచ్చే గుడిసెలన్నీ దులిపేసి పోతాంటి." చెవి గోక్కున్నాడు. "బేజారైపోయింది. అందుకే నేనూ ఒకటి పెట్టిన. నా మంచి కత్తి."

"బగ్ రాశావా?"

"ఏం బగ్? బగ్ యాడుండాది?"


21 నవంబరు

వరూధిని సాయంత్రం కుర్చీ నా వైపు తిప్పింది.

"మీ నరేశ్‌కు ఏమయింది? కత్తి పెట్టిపోయినాడు నాకు. ఎప్పుడూ నా కోసం ఒక్క బాణం మిగల్చనోడు."

"నువ్వేం పెట్టావు?"

"చెప్పను. పొద్దున్నే వానికి తెలుస్తాది."

ఆ సాయంత్రం ఆమె ఒక్కసారి కూడా గుర్రం ఎక్కలేదు. గుడిసె నుంచి గుడిసెకు నడిచే పోయింది. దారిలో నేను ఎప్పుడో పెట్టి మర్చిపోయిన వాగు, వాగు పక్క విరిగిన బండి చక్రం, అన్నీ చూసింది. చక్రం ఎవరిదని నన్నే అడిగింది.

నేను ఇంకేమీ పెట్టడం లేదు. అవసరం లేదు.


22 నవంబరు

అమర్‌నాథ్ సార్‌కు అంతా చెప్పాను, మొదట పెట్టింది నేనేనని కూడా. ఆయన చాలాసేపు నవ్వారు. తర్వాత నా పని తలకిందులయ్యే మాట ఒకటి అన్నారు.

"బాగుండాది భారతీ. కానీ వీళ్ళిద్దరూ ఒకే ఫైల్ ఆడతాండారు. ఆట కొనుక్కున్నోడు ఇంట్లో ఒక్కడే కూర్చుని ఆడతాడు. వాడు ఎవరికోసం పెడతాడు? వానికి ఎవరు కనపడతారు?"

నిజమే. అమ్మకు మేమున్నాం. బొమ్మసంద్రలో రాగిపిండి పెట్టిపోయినవాళ్ళకు ఎవరు కనబడ్డారు? ఎవరూ లేరు. వాళ్ళకు అమ్మ సంగతి ఎన్నటికీ తెలియదు.

తెలిసి ఉంటే?


23 నవంబరు

పొగ.


26 నవంబరు

సార్ ఒక ప్రోగ్రామర్‌ని రెండు రోజులు నాకు వదిలిపెట్టారు. నాకు పని తేలికైంది గాని, ఆయన తన వేరే పని ఆపుకున్నారు. ఇదీ మర్చిపోకూడదు.

ఇప్పుడు కొండల్లో కట్టుబడివాళ్ళ కుటుంబాలు తిరుగుతున్నాయి. తట్టలు, చాపలు నెత్తిన పెట్టుకుని, పిల్లలను నడిపించుకుంటూ సాయంత్రానికి ఏదో గుడిసె చేరతారు. డబ్బా ఖాళీగా ఉంటే గోడకు ఆనుకుని కూర్చుని తెల్లవారగానే వెళ్ళిపోతారు. ఆడేవాడు ఏదైనా పెట్టి ఉంటే పొయ్యి వెలిగిస్తారు. పొగ లేస్తుంది. ఎంత దూరం నుంచైనా, కోట బురుజు మీద నుంచైనా, ఆ పొగ కనిపిస్తుంది. ఎక్కడా ఏమీ రాయలేదు. బాణం గుర్తు లేదు, కాసులు రావు.

వరూధినికి చెప్పకుండా ఇచ్చాం. ఆమె పోయిన షిఫ్టులో పిండి పెట్టిన గుడిసెను మర్చిపోయి పక్క కొండ ఎక్కింది. వెనక్కి తిరిగింది.

"నరేశూ," అంది. అతను ఇంటికి పోవడానికి సంచి భుజాన వేసుకుని ఉన్నాడు. "ఆ గుడిసెలో పొగొస్తాంది చూడు."

"ఎవరుండారు?"

"నాకేం తెలుసు? ఆడ నేను శుక్రవారం పిండి పెట్టిన."

నరేశ్ సంచి కింద పెట్టాడు. "పోదాం పా."

ఒకే తెర ముందు కూర్చుని ఇద్దరూ కొండ దిగారు. గుడిసె బయటే ఆగిపోయారు. లోపల ఒకామె వంట చేస్తోంది, ఒక పాప ఆమె కొంగు పట్టుకుని ఉంది. నరేశ్, "లోపలికి పోవద్దులే, తిననీ," అన్నాడు.

అతని కంపెనీ బస్సు వెళ్ళిపోయింది. ఇంకో బస్సులో పోయాడు.


27 నవంబరు

హెలెన్ నుంచి మెయిల్ వచ్చింది. గుడిసెలు బాగున్నాయని మావాళ్ళు అంటున్నారు గాని టైము తక్కువ, సోమవారం ఆట మొత్తానికి తాళం వేసేస్తున్నాం, ఆ తర్వాత మార్పులు ఉండవు, కొండలు తీసేయడమే మంచిదని మా ఆలోచన, అని రాసింది. పొగ ఉన్న కొత్త బిల్డ్‌ను, అంటే ఆట కొత్త ప్రతిని, ఆమె ఇంకా చూడలేదు.

అమర్‌నాథ్ సార్, "నేను రాస్తే మేనేజర్ రాసినట్టుంటాది. నువ్వు రాయి," అన్నారు.

"నా ఇంగ్లీషు..."

"నీ మ్యాపుకు ఇంగ్లీషు వచ్చునా? రాయి."

బాధ లేదని ఇక రాయను. బాధగా ఉంది. ఆ కొండలు ఉండాలి.


28 నవంబరు, బుధవారం

ముందు తెలుగులో రాసుకుంటాను. రేపు పొద్దున ఇంగ్లీషులోకి మార్చి పంపుతాను.

హెలెన్ గారికి,

నేను భారతిని. తూర్పు కొండలను నింపుతున్నది నేనే. ఇంత పెద్ద లోకంలో ఒక ముక్కను మీరు ముఖం కూడా చూడని నా చేతికి ఇచ్చారు. మీ నిర్ణయం ఏదైనా అందుకు కృతజ్ఞతలు.

ఉప్పు డబ్బా సంగతి పుస్తకంలో చదివానని మా సార్‌కు చెప్పాను. అలాంటి పుస్తకం లేదు. మా అమ్మ పేరు మునివెంకటమ్మ. మా నాన్న రామాంజినప్ప. ఇద్దరూ కట్టడాల పని చేస్తారు. సైటు మారినప్పుడల్లా నాకు దొరికిన డబ్బాలు అమ్మ పెట్టినవే. అమ్మకు ఆ అలవాటు నేర్పినవాళ్ళు ఎవరో మాకు తెలియదు. ఆటలో వీలైతే, చివర వచ్చే పేర్లలో నా పేరు బదులు అమ్మ పేరు వేయండి. వీలుకాకపోయినా పర్వాలేదు. కొండలు ఉంటే చాలు.

దీనితో ఒక సేవ్ ఫైల్ పంపుతున్నాను. తెరవగానే మీరు వంతెన మీద ఉంటారు, సాయంత్రం వేళ. గుర్రం ఎక్కకండి. ఎడమవైపు మొదటి గుడిసెలో కూర్చుని చూడండి, గోడ మీద కిందుగా గుర్తు కనిపిస్తుంది. ఆ డబ్బాలో నరేశ్, వరూధిని అనే ఇద్దరు మీకోసం ఏదో పెట్టారు. ఏం పెట్టారో నాకూ చెప్పలేదు. తీసుకోండి, అది మీదే.

రెండో గుడిసెలో డబ్బా ఖాళీగా ఉంది. దాని గురించి నేనేమీ చెప్పను. ఆ తర్వాత కొండ ఎక్కి ఒకసారి వెనక్కి తిరిగి చూడండి.

చూశాక ఉంచాలో వద్దో మీరే చెప్పండి. సోమవారం తాళం పడుతుంది కాబట్టి, 30వ తేదీ శుక్రవారం సాయంత్రంలోగా జవాబు రాయమని కోరుతున్నాను.